ఎర్ర కారు మీద నా అభ్యంతరాలు

అక్టోబర్ 25, 2020, ఆదివారం. దసరా
బీపీ 148/94

డాక్టరు రోజూ బీపీ రాసిపెట్టుకోమన్నాడు. బ్యాంకు ఇచ్చిన డైరీ ఖాళీగానే ఉంది కాబట్టి ఇందులో రాస్తున్నాను. అంకెల పక్కన నాలుగు మాటలు రాసుకుంటే తప్పేం లేదు. ఈ ఇంట్లో నా మాట మధ్యలో ఆపకుండా వినేది ఇదొక్కటే.

పొద్దున ప్రవల్లిక జమ్మి ఆకు చేతిలో పెట్టి కాళ్ళకు దండం పెట్టింది. చల్లగా ఉండమని దీవించాను. ఇక్కడి గుజరాతీల్లాగే దసరాకు ఫాఫ్డా, జిలేబీ ముందు పెట్టుకుని కూర్చున్నాక తాపీగా చెప్పింది.

"డాడీ, నేను కారు కొంటున్న. స్పోర్ట్స్ కారు. ఎర్రది."

దీవెన పది నిమిషాలు కూడా ఆగకుండా పనిచేసింది.

పిల్లకు ఇంకా పద్దెనిమిది నిండలేదు. కాలేజీ మూతపడ్డాక ఫోనును స్టాండుకు బిగించి చీరలు అమ్మడం మొదలుపెట్టింది. ఇక్కడి మార్కెట్లో కొంటుంది, ఫోను ముందు నిలబడి "అక్కలూ, ఈ అంచు చూడుండ్రి" అంటూ విప్పుతుంది, కరీంనగర్ నుంచి దుబాయ్ దాకా మనవాళ్ళకు పార్సిల్ పంపుతుంది. జూన్ నుంచి నాలుగు లక్షల ఇరవై వేలు కూడబెట్టింది. నెలకు లెక్కేస్తే నా జీతం కంటే పెద్ద ఎక్కువేం కాదు. పది వేలు ఎక్కువ.

కారు తొమ్మిది లక్షల ఎనభై వేలట. నేల మీద నుంచి జానెడు ఎత్తు. మేముండే ఉధనా రోడ్ల మీద, అందులోనూ వానాకాలం ఖాడీ కాలువ పొంగినప్పుడు, కావలసింది కారు కాదు, పడవ. పైగా పెట్రోలు. ఇరవై ఆరేళ్ళ సర్వీసులో నేను స్కూటర్ దాటలేదు. నాకు బండ్ల మీద పగ ఏమీ లేదు, బ్రాంచిలో కారు లోన్ల కౌంటర్ నాదే. ఆ అనుభవంతోనే చెబుతున్నాను.

"సొంత పైసలే కదా, కొనుక్కోనియ్యండి" అంది సీత. నా భార్య ఆర్థిక విషయాల్లో ఎప్పుడూ ఇంతే.

నాకు కోపం లేదు.

నవంబర్ 9, సోమవారం
బీపీ 144/90

ప్రవల్లికకు పద్దెనిమిది నిండాయి. కేకు కోసిన వెంటనే ఒక ఫారం నింపి, ఫోటో అంటించి, సంతకం పెట్టి, తేదీ వేసి నాకిచ్చింది. దాని ఖాతా మైనరు ఖాతా, గార్డియన్‌ని నేను. పద్దెనిమిది నిండిన రోజు గార్డియన్ అధికారం పోతుంది. ఈ ఫారం పడేదాకా ఖాతాలోకి డబ్బు వస్తుంది కానీ బయటికి పోదు. చీరల కొనుగోళ్ళన్నీ సీత ఖాతాలో నడుస్తాయి కాబట్టి వ్యాపారానికి ఇబ్బంది లేదు. లాభం మాత్రం ఇందులో వేస్తుంది. అలా వెయ్యమని సలహా ఇచ్చింది నేనే.

ఖాతా మా బ్రాంచిలోదే. ఫారం తీసుకెళ్ళి అక్కడి నా డ్రాయర్‌లో పెట్టాను. దీపావళి రద్దీ. రేపు చూడాలి.

నవంబర్ 10
ఫారం పెట్టలేదు. రద్దీ.

నవంబర్ 13, శుక్రవారం. ధన్‌తేరస్
బీపీ 138/88

ఈ ఒక్కరోజే నాలుగు కారు లోన్లు. ఎంబ్రాయిడరీ మిషన్లున్న ఒక సేఠ్ కొడుకుని వెంటబెట్టుకుని వచ్చాడు. కొడుక్కి ఇరవై ఒకటి. సేఠ్ సంతకం దగ్గర ఆగిపోయాడు. "మందీ చాలే ఛే, బేరాల్లేవు, ఇప్పుడు అవసరమా" అని గొణిగాడు.

"సేఠ్‌జీ, పైసా రేపూ వస్తుంది. ఉమర్ రేపు వస్తుందా? పిల్లల సరదా ఏ వయసులో తీరాలో ఆ వయసులోనే తీరాలి" అన్నాను.

సంతకం పెట్టేశాడు. మేనేజర్ దేశాయి భుజం తట్టాడు.

ఇంటికొచ్చేసరికి ప్రవల్లిక ఫారం సంగతి అడిగింది. సరదాలకు తొందరేముంది తల్లీ, ముందు చదువు, తర్వాత ఉద్యోగం, ఇల్లు, అప్పుడు చూద్దాం అన్నాను. సందర్భాన్ని బట్టి మాట్లాడడాన్నే అనుభవం అంటారు.

డిసెంబర్ 6, ఆదివారం
బీపీ 122/80. యంత్రం చెడిపోయినట్టుంది.

ప్రవల్లిక పోరు పడలేక షోరూంకు వెళ్ళాను. తప్పులు వెతికితే అదే మానుకుంటుందని వెళ్ళాను. సేల్స్ కుర్రాడు నన్ను డ్రైవరు సీట్లో కూర్చోబెట్టాడు. సీటు బాగా కిందికి ఉంది. కాళ్ళు చాపుకోవచ్చు. స్టీరింగ్‌కు తోలు కుట్టు. తలుపు వేస్తే బయటి రోడ్డు చప్పుడు ఠక్కున ఆగిపోతుంది.

"డాడీ, దిగుండ్రి, వేరేవాళ్ళు చూడాలంట" అని ప్రవల్లిక అద్దం మీద కొట్టేదాకా తప్పులు వెతుకుతూనే ఉన్నాను. ఇరవై నిమిషాలు పట్టింది.

డిసెంబర్ 13, ఆదివారం
బీపీ 124/82

వారంటీ గురించి అడగడానికి షోరూంకు ఒక్కణ్ణే వెళ్ళాను. ఇంట్లో చెప్పలేదు. వారంటీ గురించి అడగడం మరిచిపోయాను.

జనవరి 14, 2021, గురువారం. ఉత్తరాయణ్
బీపీ 142/90

ఊరంతా డాబాల మీద పతంగులు. జమున ఫాల్స్ కుట్టిన చీరల మూట తెచ్చింది. నవాగామ్‌లో ఉంటుంది, సిరిసిల్ల పక్క వాళ్ళు. మొగుడు సాంబయ్య పల్సానాలో సాంచల మీద, అంటే మరమగ్గాల మీద పనిచేస్తాడు. పోయిన ఏడు సాంచలు బందైనప్పుడు ఆ ఇల్లు ఈమె కుట్టుడు మీదే నడిచింది. పదమూడు మంది ఆడవాళ్ళకు ప్రవల్లిక ఇలా పని ఇస్తోందని నాకు ఈరోజే తెలిసింది.

నలుగురి నోటా నా మాటే వినిపించాలని, కారు సంగతి ఆమెనే అడిగాను. నువ్వు చెప్పమ్మా, ఆడపిల్ల, ఈ వయసు, ఇంత ఖరీదు కారు.

జమున మూట విప్పడం ఆపి మాట్లాడింది. "కొనుక్కోనియ్యుండ్రి సార్. మా ఆయన ఇరవై ఏండ్లు సాంచలు నడిపిండు. తన కోసమని ఏనాడు ఒక్క వస్తువు తెచ్చుకోలే. కోరిక లేక గాదు. ఇంట్ల పెద్దోళ్ళు ఇప్పుడొద్దు, ఇప్పుడొద్దు అన్నరు. ఇప్పుడు ఏం గావాలె అని నేనడిగితే ఆయనకు యాదికి కూడ వస్తలేదు."

చదువులేని మనిషి. పొదుపు అంటే ఏమిటో వాళ్ళకేం తెలుస్తుంది. ఆమె మాట మాత్రం సాయంత్రం దాకా చెవిలో తిరిగింది.

ఫారం సోమవారం పెట్టేస్తాను.

జనవరి 18, సోమవారం
పెట్టలేదు.

ఫిబ్రవరి 11
బీపీ 146/92

ఫారం ఏమైందని మళ్ళీ అడిగింది. సర్వర్ డౌన్ అన్నాను. ఈరోజు నిజంగానే పదిహేను నిమిషాలు డౌన్ అయింది.

మార్చి 12, శుక్రవారం
బీపీ 158/98

దేశాయి అందర్నీ కూర్చోబెట్టాడు. ఈ నెలాఖరుకు నా కౌంటర్ నుంచి ఇంకో ఐదు కారు లోన్లు కావాలి. కరోనా మళ్ళీ మొదలైందని ఎవరూ రావడం లేదు. "ఘర్ సే శురూ కరో ధర్మరాజ్‌భాయ్" అన్నాడు, ఇంటి నుంచే మొదలుపెట్టమని. జులైలో నా ప్రమోషన్ ఇంటర్వ్యూ. పద్నాలుగేళ్ళుగా ఎదురుచూస్తున్నాను. ఫైల్ ఈ నెల అంకెలతోనే వెళుతుంది.

మార్చి 20, శనివారం
బీపీ 160/100

నేను మొండివాణ్ణి కాను. అన్ని కోణాల్లోంచీ ఆలోచించాక అభిప్రాయం మార్చుకున్నాను. రాత్రి భోజనాల దగ్గర ప్రవల్లికతో, కారు కొనుక్కో తల్లీ, నాకేం అభ్యంతరం లేదు అన్నాను. సీత గరిటె పట్టుకుని అలాగే చూసింది.

"నిజంగనా డాడీ?"

"నిజంగానే. నీ డబ్బు మాత్రం ముట్టుకోకు. అది అలాగే ఉండనీ. మన బ్రాంచిలో ఏడేళ్ళ లోన్ తీసుకో. వడ్డీ ఇప్పుడు చాలా తక్కువ. నేను పక్కన సంతకం పెడతాను. ముప్పై ఒకటో తారీఖు లోపల అయిపోవాలి."

దాని మొహంలో వెలుగు మెల్లగా దిగిపోయింది.

"నా దగ్గర పైసలున్నయ్ డాడీ. ఉగాదికి సరిపోతయ్. పైసలుండి లోన్ ఎందుకు? చిన్నప్పట్నుంచి అప్పు చెయ్యొద్దు, అప్పు చెయ్యొద్దు అని చెప్పింది మీరే."

"కారుకు అప్పు అప్పు కాదు. సౌకర్యం."

"ఫస్ట్ కారే వద్దన్నరు. ఇప్పుడు కారు కొను, లోన్ తీసుకో అంటున్నరు. ముప్పై ఒకటి లోపల ఎందుకు డాడీ? మీ టార్గెట్ కోసమా?"

ఈ కాలం పిల్లలకు తండ్రి ప్రేమలో కూడా టార్గెట్లే కనిపిస్తాయి. పళ్ళెం ముందు నుంచి లేచిపోయాను. నా వెనకాల అది సీతతో అన్న మాట వినిపించింది. "ఫారం పెట్టమను మమ్మీ. నాకు ఇంకేమొద్దు."

పెట్టను. ఈ మాట కోపంలో రాయడం లేదు.

మార్చి 31, బుధవారం
బీపీ 162/100
రెండు లోన్లు తక్కువ పడ్డాయి. ఇంటి మనుషులే ఆదుకోకపోతే బయటివాళ్ళను అని ఏం లాభం.

ఏప్రిల్ 8, గురువారం
అపార్ట్‌మెంట్‌లో మూడిళ్ళకు తాళాలు. అందరూ ఆసుపత్రుల్లో. బ్రాంచిలో నలుగురమే మిగిలాం. ఒకాయన వచ్చి పోయిన అన్న ఖాతాలోంచి డబ్బు కావాలన్నాడు. నామినీ లేడు. ఖాతా ఎప్పుడూ ఇద్దరి పేరు మీద పెట్టుకోవాలయ్యా అని అరగంట క్లాసు పీకాను. నావి మూడు ఎఫ్‌డీలూ నా ఒక్కడి పేరు మీదే ఉన్నాయి. మార్చుకోవాలి.

ఏప్రిల్ 13, మంగళవారం. ఉగాది
జ్వరం 101. పచ్చడి తిన్నాను. చేదు కూడా తెలియలేదు.

ఏప్రిల్ 14
ప్రవల్లిక కారు మాట ఎత్తలేదు. తలుపు బయట కుర్చీ వేసుకుని కూర్చుని గంటగంటకూ ఆక్సిజన్ ఎంత అని అడుగుతోంది. 93.

ఏప్రిల్ 16
86. అంబులెన్స్ వస్తోందట.

మే 9, ఆదివారం
ఇంటికొచ్చాను. పది అడుగులు నడిస్తే కూర్చోవాలి. చేతిరాత నాదిలా లేదు. పక్క బెడ్డాయన రాలేదు.

మే 11
బిల్లు చూశాను. నాలుగు లక్షల ఎనభై ఐదు వేలు. పూర్తిగా కట్టేశారు. నా ఎఫ్‌డీలు నేను తప్ప ఎవరూ తీయలేరు. సీత దగ్గర అంత ఉండదు. ప్రవల్లిక ఖాతాలోంచి బయటికి పోదు.

ఎలా కట్టారని అడగలేదు. అడిగితే చెబుతారేమోనని అడగలేదు.

మే 17, సోమవారం

జమున గిన్నెలో జొన్న గటక తెచ్చి, గుమ్మం దగ్గర పెట్టి, దూరం నుంచే పలకరించి పోయింది. నేను ఆసుపత్రిలో ఉన్న మూడు వారాలూ ఇంటికి వండి పంపింది ఆమేనట.

ఆమె వెళ్ళాక సీత చెప్పింది. నేను అడక్కుండానే చెప్పింది. అసలు చెప్పడానికి వారం నుంచి చూస్తోందనుకుంటాను.

ఆ రోజు ఆసుపత్రి వాళ్ళు రెండు లక్షలు ముందు కడితేనే లోపలికి అన్నారు. సీత దగ్గర అరవై వేలున్నాయి. నన్ను, సీతను అంబులెన్సులో వదిలి ప్రవల్లిక బ్యాంకుకు పరుగెత్తింది. నా ఎఫ్‌డీ అడిగితే కుదరదన్నారు. దాని ఖాతా అడిగితే, మేజర్ అయ్యాక ఫారం ఇవ్వలేదు కదా అన్నారు. నవంబర్లోనే డాడీకిచ్చానంది. దేశాయి నా డ్రాయర్ తీయించాడు. ఫారం పైనే ఉంది. దాని ఫోటో, దాని సంతకం, దాని పుట్టినరోజు తేదీ.

ఎంట్రీ చెయ్యడానికి పది నిమిషాలు పట్టిందట. అది బ్యాంకుకు పోయి, వాదించి, తిరిగొచ్చేసరికి రెండు గంటలు. ఆ రెండు గంటలూ నేను అంబులెన్సులో ఉన్నాను. సిలిండర్ అయిపోవస్తోందని డ్రైవరు రెండుసార్లు చెప్పాడట. సీత నా కాళ్ళు పట్టుకుని కూర్చుందట.

"ఏమిటీ పని అని మిమ్మల్ని నిలదీయలేక కాదు నేను ఊరుకున్నది" అంది సీత. "అదే వద్దంది. డాడీ కోలుకోనియ్యి మమ్మీ అంది."

మే 19

తీరిగ్గా ఆలోచిస్తే వేరే సంగతి తోస్తోంది. నేను ఫారం పెట్టి ఉంటే ఏమయ్యేది? ఉగాదికి ఆ డబ్బంతా షోరూంకు పోయేది. పదహారో తారీఖున ఖాతాలో ఏముండేది? ఏమీ ఉండేది కాదు. అంటే ఆ డబ్బును నిలబెట్టింది నేనే. ఒక రకంగా నా ప్రాణం కాపాడింది నా ముందుచూపే.

ఇది ప్రవల్లికకు చెప్పాలి. దానికీ మనసు తేలికపడుతుంది.

మే 23, ఆదివారం

చెప్పాను.

చీరలు మడతపెడుతోంది. ఆపకుండానే విన్నది. చివరి చీర మడత అయ్యాక నా ఎదురుగా వచ్చి కూర్చుంది.

"షోరూంకు ఏప్రిల్ ఐదునే ఫోన్ చేసి ఇప్పుడొద్దని చెప్పిన డాడీ. చుట్టుపక్కల మనుషులు చచ్చిపోతుంటే ఎర్ర కారేసుకొని తిరుగుతనా? నాకు ఆ మాత్రం తెల్వదనుకున్నరా?"

నేను ఒక చీర అందుకుని మడత సరిచేయబోతే లాక్కుంది.

"పైసలు ఎట్లైనా ఉంటుండె. ఫారం పడి ఉంటే ఫోన్ల నుంచే రెండు నిమిషాల్ల కడుతుంటి. మీరు ఆ బండిల పడుకోని ఊపిరందక నోరు తెరుస్తుంటే నేను క్యూల నిలబడ్డ. మీ డ్రాయర్ తీసినప్పుడు అండ్ల నా మొఖం కనబడ్డది. సర్వర్ డౌన్ అంటే నమ్మిన డాడీ. మా డాడీకి అబద్ధం రాదని మమ్మీతోని కొట్లాడిన."

లేచి వెళ్ళిపోయింది. నాకు ఏడుపొచ్చింది. ఏడిస్తే దగ్గు వచ్చింది. దగ్గు వినగానే అదే మళ్ళీ నీళ్ళు పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. అది మరీ బాధ.

ఫారం నేనే దాచాను. డబ్బు పోతుందని కాదు. పద్దెనిమిదేళ్ళ పిల్ల నన్ను అడగక్కర్లేకుండా కారు కొనగలదన్నది నాకు మింగుడు పడలేదు. ఇరవై ఆరేళ్ళు నేను వద్దనుకున్నవన్నీ దానికి ఒక్క ఏడాదిలో అందాయి. ఏడు నెలలుగా ఇందులో ఏవేవో రాశాను, ఇది మాత్రం రాయలేదు.

జూన్ 14, సోమవారం
బీపీ 130/84

డ్యూటీలో చేరాను. దేశాయి కరచాలనం చెయ్యబోయి, ఆగి, నమస్కారం పెట్టాడు. డ్రాయర్ గురించి ఏమీ అనలేదు. ఎవరూ అనలేదు. జులై ఇంటర్వ్యూ జాబితాలో నా పేరుందని చెప్పాడు.

ఒక ఎఫ్‌డీ రద్దు చేసి నాలుగు లక్షల ఎనభై ఐదు వేలు ప్రవల్లిక ఖాతాలో వేశాను. మిగతా రెండూ సీత పేరు కలిపి పెట్టాను.

తండ్రికి ఖర్చు పెట్టిన డబ్బు కూతురు తిరిగి తీసుకుంటుందా అని సీత మనసు కష్టపెట్టుకుంది. ప్రవల్లిక తీసుకుంది. "తీసుకోకపోతే డాడీ నాకు బతుకంతా బాకీ ఉన్నట్టుంటది మమ్మీ. నాకు అట్ల వద్దు" అంది. ఒక్క రూపాయి ఎక్కువ వేసినా వెనక్కి పంపేదే. నాకు తెలుసు.

జూన్ 28, సోమవారం

పదకొండున్నరకు ప్రవల్లిక బ్యాంకుకు వచ్చింది. మాస్కు, చేతిలో టోకెన్. మనుషులు తక్కువై ఇప్పుడు ఖాతాల పని కూడా నాదే కాబట్టి నా కౌంటర్ ముందు ఆరుగురి వెనక నిలబడింది. లోపలికి వచ్చి కూర్చోమంటే, పర్లేదు డాడీ అంది.

వంతు వచ్చాక కాగితం ముందు పెట్టింది. ఖాతా మూసివేత. తొమ్మిది లక్షల ఎనభై వేలకు షోరూం పేరు మీద డీడీ, మిగిలిన పది వేలు చేతికి. ఏదో వేరే బ్యాంకులో తనే సొంతంగా ఖాతా తెరుచుకుందట.

ఫారంలో అన్నీ చక్కగా నింపింది. ఖాతా మూయడానికి కారణం అన్న చోట మాత్రం ఖాళీగా వదిలేసింది. అక్కడ నాలుగు గడులుంటాయి. మామూలుగా ఇల్లు మారుతున్నారు అన్న గడిలో మేమే టిక్ పెట్టేస్తాం. నాలుగోది సిబ్బంది సేవలో లోపం. దాంట్లో టిక్ పడితే కింద ఉద్యోగి పేరు, లోపం వివరం రాయాలి. ఆ కాగితం రీజనల్ ఆఫీసుకు పోతుంది. నా సర్వీసులో ఆ గడిలో టిక్ పెట్టిన కాగితం నేను చూడలేదు.

నాలుగో గడిలో టిక్ పెట్టాను. పేరు దగ్గర ధర్మరాజు అని రాశాను. వివరం దగ్గర, ఖాతాదారు ఇచ్చిన ఫారాన్ని ఐదు నెలల ఏడు రోజులు నా డ్రాయర్‌లో దాచాను అని రాశాను.

సంతకం కోసం వెళితే దేశాయి చదివి తలుపు మూశాడు. "పాగల్ హో గయే హో క్యా? జులై మే ఇంటర్వ్యూ హై. ఘర్ బదల్ రహే హై, లిఖ్ దో, బాత్ ఖతమ్." ఇల్లు మారుతున్నారని రాసేసి వదిలెయ్యమంటున్నాడు.

ఖాతాదారు మా ఇంట్లోనే ఉంటుంది సార్, ఎక్కడికీ మారడం లేదు అన్నాను. కాగితం మళ్ళీ చదివి సంతకం పెట్టాడు.

కౌంటర్ దగ్గరికొచ్చి కాగితం ప్రవల్లిక వైపు తిప్పాను, చివరి సంతకం కోసం. చదివింది. చాలాసేపు చదివింది. రాసింది రెండు లైన్లే.

"ఇది పైకి పోతే మీ ప్రమోషన్ పోతది కదా డాడీ."

"పోతది."

"మరెందుకు రాసిండ్రు?"

"నువ్వు ఖాళీగా వదిలినవ్ కదా తల్లీ. ఖాళీగా ఉంటే సిస్టం తీసుకోదు" అన్నాను.

"నేను ఖాళీగా వదిలింది మీ కోసమే డాడీ. మీ పేరు నా చేతితోని రాయొద్దని" అంది.

వెనక వరసలో ఎవరో తొందరపడుతున్నారు. సంతకం పెట్టింది. డీడీ, పది వేలు ఆమె చేతికిచ్చాను. షోరూం ఆరింటికి మూసేస్తారని చెప్పాను.